యువజన కార్యక్రమాల్లో భద్రత, అండ

ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం, ఎన్‌సీసీ క్యాంపు, స్కౌట్ దళం, క్రీడా అకాడమీ, గురుకుల వసతి గృహం, బస్తీలో స్వచ్ఛంద సంస్థ నడిపే సాయంకాలపు కేంద్రం. వీటి పనులు వేరైనా తల్లిదండ్రులు వీటికి అప్పగించేది ఒకటే: ఇంటి కన్ను పడని కొన్ని గంటలు, కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్నేళ్లు. ఆ వ్యవధిలో పిల్లలకు హాని జరగకుండా చూడటం భద్రత. వారికి ఒక పెద్ద మనిషి అందుబాటులో ఉండి, మాట విని, కష్టంలో పక్కన నిలబడటం అండ. మన దగ్గర ఈ రెండింటినీ రెండు వేర్వేరు పనులుగా చూడటం అలవాటు. భద్రత అంటే ప్రహరీ గోడ, గేటు దగ్గర రిజిస్టరు, సీసీ కెమెరాలు. అండ అంటే ఏడాదికోసారి పెట్టే మోటివేషన్ క్లాసు. ఈ రంగం మీద వివిధ దేశాల్లో వచ్చిన విచారణ నివేదికలు, పరిశోధనలు, కోర్టు తీర్పులు కలిపి చదివితే ఈ విభజన నిలవదు. హాని జరిగిన సంగతి చాలాసార్లు పిల్లలు నోరు విప్పితేనే బయటపడుతుంది. నమ్మకమైన మనిషి లేనిచోట వారు నోరు విప్పరు.

యువత ఎవరు, పిల్లలు ఎవరు

ఐక్యరాజ్యసమితి లెక్కల్లో యువత అంటే 15 నుంచి 24 ఏళ్లవారు. భారతదేశపు 2003 జాతీయ యువజన విధానం 13 నుంచి 35 ఏళ్ల దాకా యువతగా లెక్కించింది, 2014 విధానం దాన్ని 15–29కి కుదించింది. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం, జువెనైల్ జస్టిస్ చట్టం మాత్రం 18 నిండని ప్రతి ఒక్కరినీ పిల్లలుగానే చూస్తాయి. అంటే 15 నుంచి 18 దాకా ఉన్నవారు ఒక కాగితం మీద యువత, ఇంకో కాగితం మీద పిల్లలు.

ఈ తేడా నిర్వాహకులకు నేరుగా తగులుతుంది. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లు దత్తత గ్రామంలో 7 రోజుల ప్రత్యేక శిబిరం చేస్తారు. అందులో ఇంటర్ చదివే 17 ఏళ్ల పిల్లలూ, డిగ్రీ చదివే 19 ఏళ్లవారూ ఉండవచ్చు. లైంగిక నేరం 17 ఏళ్ల విద్యార్థిపై జరిగితే తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. 19 ఏళ్ల అమ్మాయిపై వేధింపు జరిగితే ఫిర్యాదు చేయాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది, దారి 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద ఏర్పడే అంతర్గత కమిటీ. శిబిరం నడిపే ప్రోగ్రాం ఆఫీసరుకు ఈ రెండు దారులూ తెలియకపోతే, ఒకరి విషయంలో చట్టం తప్పుతారు, ఇంకొకరి విషయంలో ఆమె ఇష్టాన్ని కాదంటారు.

పిల్లలను బృందాలుగా చేర్చి బయటి ప్రపంచంలో తీర్చిదిద్దే ఈ పద్ధతికి చాలామంది చెప్పే మొదలు 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పవెల్ నడిపిన శిబిరం. భారతదేశంలో ఎన్‌సీసీ 1948లో, భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950లో, గాంధీ శతజయంతి ఏడాదైన 1969లో ఎన్‌ఎస్‌ఎస్, 1972లో నెహ్రూ యువ కేంద్రాలు మొదలయ్యాయి. తెలుగు నేల మీద అన్నిటికన్నా లోతుగా పాతుకున్నది గురుకులం. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదలైన ఆ నమూనా ఈనాడు రెండు రాష్ట్రాల్లో లక్షల మంది పిల్లలకు బడి, ఇల్లు, ఆటస్థలం అన్నీ తానే. పిల్లలు పగలూ రాత్రీ ఉండే చోటు కాబట్టి భద్రత ప్రశ్న అక్కడే అన్నిటికన్నా బరువైనది.

మంచి కార్యక్రమం ఎలా ఉంటుంది

చాలాకాలం యువజన కార్యక్రమాలంటే చెడు అలవాట్లు మాన్పించే పని అనే భావన ఉండేది. 1990 నుంచి ఆలోచన మారింది. అమెరికాలో పీటర్ బెన్సన్ నడిపిన సెర్చ్ ఇన్‌స్టిట్యూట్, ఎదిగే పిల్లలకు ఏమేమి దొరకాలో జాబితా కట్టింది. అదే తరువాత 40 ‘ఎదుగుదల వనరులు’గా ప్రసిద్ధమైంది. 2002లో అమెరికా జాతీయ పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం, జాక్వెలిన్ ఎకిల్స్ అధ్యక్షతన, మంచి కార్యక్రమానికి ఎనిమిది లక్షణాలు చెప్పింది. మొదటిది శారీరక, మానసిక భద్రత. తరువాతివి తగిన క్రమం, ఆదరించే బంధాలు, తమదనే భావన, మంచి నడవడికి ప్రోత్సాహం, తమ మాటకూ పనికీ విలువ ఉందనిపించే అవకాశం, నైపుణ్యాలు, ఇల్లు–బడి–ఊరుతో అనుసంధానం. భద్రతను మొదట పెట్టడం వల్ల అది తక్కినవాటికి ముందు దాటాల్సిన గడప అనుకునేవారున్నారు. నిజానికి ఆ జాబితాలో ఒకటి లేకుండా ఇంకొకటి నిలవదు.

భద్రత అంటే ప్రమాదం ఉన్న ప్రతి పనీ మానేయడం కాదనడానికి తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ ఉంది. 2014 మే 25న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఆ ప్రయాణం భువనగిరి గుట్ట బండ మీద మొదలైంది. డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో, లడఖ్ చలిలో ఒక్కో మెట్టూ దాటి, వడపోతలో మిగిలినవారే కొండ ముందు నిలిచారు. అంత చిన్న వయసులో ఎవరెస్టు పంపడం సబబేనా అన్న చర్చ వేరు. ఆ శిక్షణను మెట్లుగా కట్టిన తీరు మాత్రం ఏ శిబిరానికైనా పనికొస్తుంది.

సదుద్దేశం చాలదని చెప్పే రుజువులు ఈ రంగంలో చాలా పాతవి, అంతే చేదువి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ అధ్యయనంలో 506 మంది అబ్బాయిలను రెండు సమాన బృందాలు చేశారు. ఒక బృందానికి 1945 దాకా సలహాదారుల సందర్శనలు, చదువు సాయం, వేసవి శిబిరాలు ఇచ్చారు. రెండో బృందానికి ఏమీ ఇవ్వలేదు. జోన్ మెకార్డ్ 1978లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, సాయం అందినవారే తాగుడు, మానసిక అనారోగ్యం, పదేపదే నేరాల వంటి కొన్ని కొలతల్లో వెనకబడ్డారు. తరువాతి విశ్లేషణ మరో సంగతి చెప్పింది. ఒకటికన్నా ఎక్కువసార్లు వేసవి శిబిరాలకు వెళ్లినవారిలోనే ఆ నష్టం ఎక్కువ. చిక్కుల్లో ఉన్న పిల్లలను ఒకచోట చేర్చి పెద్దల అజమాయిషీ పలచగా వదిలితే, వారు ఒకరి నుంచి ఒకరు నేర్చుకునేది నిర్వాహకులు అనుకున్నది కాకపోవచ్చు.

పెద్దవారిని ఒక్కొక్కరినీ ఒక్కో పిల్లవాడికి తోడుగా కలిపే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ కార్యక్రమం మీద 1995లో వచ్చిన అధ్యయనం ఉత్సాహాన్నిచ్చింది. తోడు దొరికిన పిల్లలు మాదకద్రవ్యాలు మొదలుపెట్టే అవకాశం 46 శాతం తగ్గింది. అదే సమాచారాన్ని 2002లో మళ్లీ చూసిన గ్రాస్‌మన్, రోడ్స్ గమనించింది అంతకన్నా ముఖ్యం. ఏడాది పైగా సాగిన బంధాలే గట్టి మేలు చేశాయి. మూడు నెలల్లోపే తెగిపోయినచోట పిల్లల ఆత్మగౌరవం ముందుకన్నా పడిపోయింది. సెలవుల్లో వచ్చి, ఫొటోలు దిగి, సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోయే వాలంటీర్లతో నడిచే మన దగ్గరి కార్యక్రమాలు గోడకు అంటించుకోవాల్సిన ఫలితం ఇది. ‘అన్న మళ్లీ వస్తాడు’ అని ఎదురుచూసే పిల్లవాడి లెక్క ఏ వార్షిక నివేదికలోనూ ఉండదు.

హాని ఎక్కడి నుంచి వస్తుంది

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నట్టు చెప్పారు. వారిలో సగానికి పైగా అబ్బాయిలు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, లేదా వారు నమ్మే బాధ్యత గల స్థానంలో ఉన్నవారు. శాతాలు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అబ్బాయిలకు ఏమవుతుందిలే అనే ధీమాతో హాస్టళ్లు నడిపేవారు ఇప్పటికీ ఉండటం ఆ అధ్యయనాన్ని ఎంతమంది చదివారో చెబుతుంది.

యువజన కార్యక్రమాల బలం, బలహీనత ఒక్కచోటే ఉన్నాయి. కోచ్ చేతిలో జట్టు ఎంపిక ఉంటుంది. వార్డెన్ చేతిలో అవుట్‌పాస్, స్కౌట్ మాస్టర్ చేతిలో బ్యాడ్జీ ఉంటాయి. ఆ దగ్గరితనం, ఆ అధికారం లేకుండా శిక్షణ లేదు. హాని తలపెట్టినవాడికి పనికొచ్చేవి కూడా అవే. 1990 ఆగస్టులో హర్యానాలోని పంచకులలో 14 ఏళ్ల టెన్నిస్ క్రీడాకారిణిని వేధించింది రాష్ట్ర లాన్ టెన్నిస్ సంఘం అధ్యక్షుడు. అతను పోలీసు ఐజీ కూడా. ఆ అమ్మాయి 1993లో ప్రాణం తీసుకుంది. కళ్లారా చూసిన స్నేహితురాలి కుటుంబం కేసును వదలకుండా పట్టుకుంటే, 2009 డిసెంబరులో అతనికి పడిన మొదటి శిక్ష 6 నెలల జైలు, 1,000 రూపాయల జరిమానా. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు దాన్ని 18 నెలలకు పెంచింది.

సంస్థ తన పేరు కాపాడుకోవాలనుకోవడం హానిని రెట్టింపు చేస్తుంది. బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా పనికిరాని వాలంటీర్ల మీద 1920ల నుంచి రహస్య దస్త్రాలు ఉంచుకుంది. ఒరెగాన్ సుప్రీంకోర్టు ఆదేశంతో 2012లో వెయ్యికి పైగా దస్త్రాలు బయటికి వచ్చాయి. పోలీసులకు చెప్పకుండా సద్దుమణిగించిన ఉదంతాలు వాటిలో ఉన్నాయి. 2020లో ఆ సంస్థ దివాలా రక్షణ కోరినప్పుడు 82,000 మందికి పైగా పరిహారం అడిగారు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ మీద మాట 1990ల చివర్లోనే పెద్దల చెవిన పడింది. 2016లో ఇండియానాపొలిస్ పత్రిక రాసేదాకా అతను ఆగలేదు. 2018 జనవరిలో 150 మందికి పైగా మహిళలు కోర్టులో వాంగ్మూలం ఇచ్చారు. ఆస్ట్రేలియా రాయల్ కమిషన్ 2013 నుంచి 2017 దాకా చర్చీలు, బడులు, క్రీడా సంఘాల మీద విచారణ జరిపి, తమ దగ్గరికి వచ్చిన బాధితులు మొదటిసారి నోరు విప్పడానికి సగటున 23.9 ఏళ్లు పట్టిందని తేల్చింది. ఫిర్యాదులు లేవు కాబట్టి సమస్య లేదనే వాదనకు ఈ ఒక్క అంకె చాలు.

హాని అంతా లైంగికమైనదే కాదు, పెద్దల నుంచి వచ్చేదే కాదు. గుంజీలు, ఎండలో నిలబెట్టడం, కర్ర దెబ్బ మన క్రీడా మైదానాల్లో, హాస్టళ్లలో ఇంకా క్రమశిక్షణ పేరుతో చలామణి అవుతున్నాయి. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. పిల్లల సంరక్షణ బాధ్యత ఉన్న సంస్థ ఉద్యోగి క్రూరంగా ప్రవర్తిస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు ఉంది. ఇక సీనియర్ల పెత్తనం, కులం పేరుతో, యాస పేరుతో ఎగతాళి. ర్యాగింగ్ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది. అది విద్యాసంస్థలను ఉద్దేశించినది. శిబిరంలో రాత్రి పది దాటాక గదిలో ఏం జరుగుతుందో చూసేది చట్టం కాదు, అక్కడ పడుకునే పెద్దలే.

చట్టం ఏమడుగుతుంది

పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారే కాదు, జరగబోతోందని అనుమానం ఉన్నవారూ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద 6 నెలల దాకా, సంస్థ బాధ్యులు తమ కింది ఉద్యోగి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు. మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లాలో ఒక వసతి గృహం కేసులో, సంగతి తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ ఉన్న వైద్యుడిపై కేసును హైకోర్టు కొట్టేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. పిల్లల వాంగ్మూలం వారి ఇంట్లోనో వారు కోరిన చోటనో తీసుకోవాలి. పోలీసు యూనిఫాంలో రాకూడదు. రాత్రిపూట పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు. వారి గుర్తింపు బయటపెట్టకూడదు.

2020 పోక్సో నియమాల్లోని 3వ నియమం ఈ వ్యాస విషయానికి మరింత దగ్గరిది. పిల్లలు ఉండే, తరచూ వచ్చే ప్రతిచోటా, క్రీడా అకాడమీలను పేరుపెట్టి చెబుతూ, బోధన సిబ్బందికే కాక బోధనేతర, కాంట్రాక్టు సిబ్బందికి కూడా ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి చేసింది. సిబ్బందికి శిక్షణ ఇవ్వాలంది. రాష్ట్రాలు రూపొందించే బాలల రక్షణ విధానాన్ని పిల్లలతో పనిచేసే ప్రతి సంస్థా పాటించాలంది. బోధనేతర సిబ్బంది ప్రస్తావన ఎందుకో హైదరాబాద్‌కు తెలుసు. 2022లో బంజారాహిల్స్‌లోని ఒక బడిలో నాలుగేళ్ల పాపపై అఘాయిత్యం చేసింది ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. క్రీడల్లో మహిళా రెజ్లర్లు లైంగిక వేధింపులకు నిరసనగా 2023 జనవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నాకే, చాలా క్రీడా సమాఖ్యల్లో సరైన అంతర్గత కమిటీ లేదన్న సంగతి దేశానికి పట్టింది.

పోలీసు వెరిఫికేషన్‌కు హద్దులున్నాయి. అది నమోదైన కేసులనే చూపిస్తుంది. ఇంగ్లండులో 2002లో సోహం పట్టణంలో ఇద్దరు పదేళ్ల అమ్మాయిలను చంపిన బడి కేర్‌టేకర్ మీద అంతకుముందు వేరే ప్రాంతంలో చాలా ఆరోపణలున్నా, అవి అతన్ని పనిలో పెట్టుకున్నవారికి చేరలేదు. ఆ ఉదంతంపై జరిగిన విచారణ తరువాతే పిల్లలతో పనిచేయకూడని వారి నిషేధిత జాబితా అక్కడ ఒక వ్యవస్థగా రూపుదిద్దుకుంది. ఉద్యోగం ఇచ్చే సంస్థ ఆ జాబితాతో సరిచూసుకోవచ్చు. భారతదేశంలో లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ 2018లో వచ్చినా అది పోలీసులు, దర్యాప్తు సంస్థల వాడకానికే. ఒక ఊళ్లో పంపేసిన కోచ్ పక్క జిల్లాలో సమ్మర్ క్యాంపు పెట్టుకుంటే ఆపే కాగితం ఏదీ లేదు. పాత పని చోటుకు ఫోన్ చేసి, ‘ఈయన్ను మళ్లీ పిల్లల దగ్గర పెట్టుకుంటారా’ అని ఒక్క ప్రశ్న అడగడం ప్రస్తుతానికి వెరిఫికేషన్ సర్టిఫికెట్ కన్నా ఎక్కువ చెబుతుంది.

రోజువారీ ఆచరణ

అందుకే అనుభవం ఉన్న సంస్థలు మనిషిని పట్టుకోవడం కన్నా సందర్భాన్ని సరిచేయడం మీద ఎక్కువ శ్రద్ధ పెడతాయి. అమెరికా స్కౌట్లు 1980లలో తెచ్చిన ఇద్దరు పెద్దల నియమం అలాంటి చర్యల్లో ప్రసిద్ధం: ఏ పెద్దా ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండరాదు. నాసర్ ఉదంతం తరువాత అమెరికా క్రీడల్లో ఒంటరి శిక్షణ ఇవ్వాల్సి వచ్చినా, ఇంకొకరు చూడగలిగేలా, మధ్యలో వచ్చి ఆపగలిగేలా ఉండాలన్నారు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఫిజియో గది తలుపు తెరిచి ఉంచడం, కౌన్సెలింగ్ గదికి అద్దం తలుపు, ఊరు దాటి వెళ్లే పోటీల్లో కోచ్‌కూ క్రీడాకారులకూ వేర్వేరు గదులు, అమ్మాయిల జట్టుతో తప్పక ఒక మహిళ. సొంత బండి మీద ఒక్కరినే దింపడం వద్దు, మనవాడైనా సరే. ఈ నియమం నిర్దోషులైన పెద్దలను కూడా కాపాడుతుంది కాబట్టి దాన్ని అవమానంగా తీసుకునే కోచ్‌కు ఆ మాట ముందే చెప్పాలి.

ఫోన్ ఈ నియమానికి కొత్త చిల్లు. మైదానంలో ఇద్దరు పెద్దలుంటారు, రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో ఒక్కరే ఉంటారు. బృందానికి చెప్పాల్సినవి తల్లిదండ్రులో ఇంకో సిబ్బందో ఉన్న గ్రూపులోనే చెప్పడం సరైన పద్ధతి. 18 లోపు వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి కావాలని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంటుంది. పిల్లల పేర్లు, ఊరు, బడి, ఫొటో కలిపి ఫేస్‌బుక్‌లో పెట్టే శిబిరాలు ఆ మాట ఇంకా విన్నట్టు లేదు.

వీటన్నిటి మధ్య మామూలు ప్రమాదాలు మరుగున పడుతుంటాయి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నది దగ్గర, లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి హఠాత్తుగా వదిలిన నీటిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది, వెంట ఉన్న టూర్ ఉద్యోగి ఒకరు కొట్టుకుపోయారు. వదిలిన నీటికి సరైన హెచ్చరిక లేదు. పరిహారంలో కొంత వాటా కళాశాల కూడా భరించాలని హిమాచల్ హైకోర్టు 2016లో చెప్పింది. నీటి దగ్గరికి దిగే ముందు స్థానికులను అడగడం, దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ తల లెక్క పెట్టడం, ఈత వచ్చిన పెద్ద ఒకరు ఒడ్డున ఉండటం ఏ విహారయాత్రకైనా కనీసం. మే నెల శిక్షణ శిబిరాలు పొద్దున్నే మొదలై ఎండ ముదిరేలోపు ముగియాలి. ఉబ్బసం, మూర్ఛ, ఏజెన్సీ ప్రాంతపు పిల్లల్లో కనిపించే సికిల్ సెల్ వంటివి చేరిక ఫారంలోనే అడిగి, ఆ సంగతి వంటమనిషి దాకా తెలియాల్సినవారికి తెలిసేలా చూడాలి. నెలసరి రోజుల్లో నీళ్లు, ప్యాడ్లు, గడియ ఉన్న మరుగుదొడ్డి అడగకముందే సిద్ధంగా ఉండాలి.

కాపలాకూ అండకూ తేడా

2022లో దేశవ్యాప్తంగా 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. నీట్ కోచింగ్ కోసం విశాఖపట్నం వచ్చి 2023 జులైలో చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ, కోచింగ్ కేంద్రాలు సహా, 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులుంటే కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయకపోవడం, అందరి ముందు అవమానించకపోవడం, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ, హెల్ప్‌లైన్ నంబర్లు కనిపించేలా రాయడం అందులో ఉన్నాయి. ఎంసెట్ రోజుల నుంచి స్టార్ బ్యాచ్, జనరల్ బ్యాచ్ అనే మాటలకు అలవాటు పడ్డ తెలుగు రాష్ట్రాల కార్పొరేట్ కళాశాలలకు ఇవి తగిలినంతగా ఇంకెవరికీ తగలవు.

కౌన్సెలర్‌గా ఎవరు పనిచేస్తారన్నది చిన్న విషయం కాదు. బిహార్‌లోని నలంద జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జరిగిన ‘సెహర్’ పరిశోధన ఒకే కార్యక్రమాన్ని కొన్నిచోట్ల ఉపాధ్యాయులతో, కొన్నిచోట్ల శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్లతో నడిపించింది. 2018లో లాన్సెట్ ప్రచురించిన ఫలితాల్లో, కౌన్సెలర్లున్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, వేధింపు, కుంగుబాటు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపినచోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మార్కులు వేసే చేతికి మనసు విప్పి చూపడం ఏ పిల్లవాడికైనా కష్టమే. పీఈటీనో లెక్చరర్‌నో పిలిచి ‘ఇక నుంచి కౌన్సెలర్ కూడా మీరే’ అనే పద్ధతికి ఇది జవాబు. అవుట్‌పాస్ మీద సంతకం పెట్టే అధికారం లేని ఒక మనిషి హాస్టల్లో ఉండాలి. టెలీ మానస్ 14416, పిల్లల సహాయవాణి 1098 నంబర్లు గోడ మీద రాయడమే కాదు, ఆ నంబర్లకు చేయడానికి ఫోన్ కూడా అందుబాటులో ఉండాలి. ఫోన్లు తాళం వేసే హాస్టళ్లలో గోడ మీది నంబరు అలంకారం.

భద్రత పేరుతో బిగించిన కాపలా ఎక్కువగా అమ్మాయిల మీదే పడుతుంది. గేటు త్వరగా మూస్తారు, ఆటలు తగ్గిస్తారు, ఫిర్యాదు చేసిన అమ్మాయినే ఇంటికి పంపేస్తారు. అప్పుడు తక్కినవారికి అందే సందేశం స్పష్టం. నోరు విప్పితే చదువు పోతుంది.

పదహారు, పదిహేడేళ్ల పిల్లల ప్రేమల విషయంలో చట్టమే అండకు అడ్డు తగులుతుంది. 2012కు ముందు 16గా ఉన్న అంగీకార వయసు పోక్సోతో 18 అయింది. ఇష్టపడి దగ్గరైన ఇద్దరు ఈడు పిల్లల సంగతి కూడా తెలిసిన వార్డెన్ పోలీసులకు చెప్పాల్సిందే. దాంతో ఆ పిల్లలు కౌన్సెలర్ దగ్గరికే రారు. వయసు తగ్గించవద్దని, 16–18 మధ్యవారి కేసుల్లో న్యాయమూర్తులకు విచక్షణ ఇవ్వాలని లా కమిషన్ 2023లో సూచించింది. గర్భస్రావం కోసం వచ్చిన మైనరూ ఆమె సంరక్షకులూ కోరితే పోలీసులకు ఆమె పేరు చెప్పనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో వైద్యులకు వెసులుబాటు ఇచ్చింది. యువజన కార్యకర్తలకు అలాంటి వెసులుబాటు లేదు. కాబట్టి పిల్లలు చెప్పడం మొదలుపెట్టకముందే ‘ఏ సంగతులు నా దగ్గరే ఉంటాయి, ఏవి బయటికి చెప్పి తీరాలి’ అన్నది వారికి వివరించడం నిజాయితీ.

పిల్లలు చెప్పినప్పుడు

వినేవారి మొదటి నిమిషం తరువాతి కేసు మొత్తాన్ని మలుస్తుంది. ఆపకుండా వినాలి. ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అనకూడదు. ‘నిజమేనా’ అని తరచి తరచి అడగకూడదు, ఎందుకంటే ఆ పని శిక్షణ పొందినవారిది. పిల్లల మాటల్లోనే రాసుకుని, సంస్థ బాధ్యుడికీ పోలీసులకూ తెలపాలి. సంరక్షణ కావాల్సినచోట బాలల సంక్షేమ కమిటీకి చెప్పాలి. నిందితుడితో ముఖాముఖి పెట్టకూడదు. పెద్దమనుషులను కూర్చోబెట్టి, డబ్బు మాట్లాడి సర్దుబాటు చేయడం ఊళ్లలో ఇంకా నడుస్తోంది. అది సంస్థ బాధ్యుడిని 21వ సెక్షన్ కిందికి తెస్తుంది. 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రం పోలీసు, వైద్య, న్యాయ, మానసిక సాయాన్ని ఒక్క కప్పు కిందికి తెచ్చింది. పిల్లలు చెప్పిందే పదిచోట్ల చెప్పే శ్రమ అలా తగ్గింది. ఫిర్యాదు ఎదుర్కొంటున్న సిబ్బందిని విచారణ ముగిసేదాకా పిల్లలకు దూరంగా ఉంచాలి. అది శిక్ష కాదని, అతని మాటా వింటారని చెప్పడం కూడా సంస్థ బాధ్యతే.

పిల్లల మాట వినే పద్ధతి తనిఖీల్లో కూడా తేడా తెస్తుంది. బిహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల వసతి గృహానికి అధికారులు వచ్చిపోతూనే ఉన్నారు, రిజిస్టర్లు సరిగానే ఉన్నాయి. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం రాష్ట్రంలోని వసతి గృహాల సోషల్ ఆడిట్‌లో భాగంగా పిల్లలతో కూర్చుని మాట్లాడాకే అక్కడ బాలికలపై జరుగుతున్న లైంగిక దారుణం 2018లో నివేదికకెక్కింది. 2020లో ఢిల్లీ కోర్టు నిర్వాహకుడికి జీవిత ఖైదు విధించింది. ఆ బృందం వాడిన పద్ధతిని గురుకులాలకూ క్రీడా పాఠశాలలకూ తేవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. కావాల్సింది ఆ సంస్థతో లావాదేవీ లేని బయటి మనుషులు, సిబ్బంది వినలేని చోటు, తొందరపడని ఒక మధ్యాహ్నం. పిల్లలు చెప్పిన చిన్న ఫిర్యాదులు, అంటే నీళ్లు రాని కుళాయి, అర్ధరాత్రి ఆరిపోయే వరండా లైటు, తిట్టే ట్యూటరు, వీటి మీద ఏం చేశారో తరువాతి నెలలోగా ఆ పిల్లలకే తిరిగి చెప్పాలి. ఆస్ట్రేలియా కమిషన్ ప్రతిపాదించిన పది ప్రమాణాల్లోనూ పిల్లలకు తమ హక్కులు తెలిసి ఉండటం, తమ మీద తీసుకునే నిర్ణయాల్లో వారికి పాత్ర ఉండటం, ఫిర్యాదుల పద్ధతి వారికి అర్థమయ్యేలా ఉండటం చేరి ఉన్నాయి.